4కె మానిటర్‌కు యూఎస్‌బీ-సీ హబ్: కర్నూలులో కొనేవాళ్లకు

డబ్బా మీద ‘4కె’ అని ఉంటే చాలదు, పక్కన 60 హెర్ట్జ్ (తెర సెకనుకు 60 సార్లు మారడం) అని ఉందో లేదో చూడండి. 30 అయితే మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. రోజంతా పనికి అది నరకమే.

30 దగ్గరే ఆగితే చాలామంది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌ను, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌ను తిడతారు గానీ, తప్పు బొమ్మ వెళ్లే దారిది. యూఎస్‌బీ 3 డేటా కూడా ఇచ్చే హబ్ సీ పోర్టులోని నాలుగు లేన్లలో (డేటా వెళ్లే దారుల్లో) రెండే బొమ్మకు వదులుతుంది. మానిటర్‌కు బొమ్మ పంపే పద్ధతి అయిన డిస్‌ప్లేపోర్ట్ 1.2లో ఆ రెండు 4కె బొమ్మను (3840×2160) 60 హెర్ట్జ్‌లో మోయలేవు, 1.4 అయితే మోస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4దీ 30తోనే సరి.

అందుకే హబ్ కంటే, నాలుగు లేన్లూ బొమ్మకే వాడే సీ-టు-డిస్‌ప్లేపోర్ట్ కేబులే మేలు. ముందు మీ సీ పోర్టు వీడియో ఇస్తుందో లేదో కనుక్కోండి, కొన్నిటిలో చార్జింగే. షాపులోనే మీ ల్యాప్‌టాప్ తగిలించి, విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి 60 హెర్ట్జ్ వస్తోందని చూశాకే డబ్బు కట్టండి.