బలహీన యెన్, బలమైన ఫ్రాంకు

విదేశీ పర్యాటకుణ్ణి కదిలించేది మారకపు రేటా, ఆదాయమా? జపాన్, స్విట్జర్లాండ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి.

2012 ఆరంభంలో డాలరుకు 80 యెన్‌లైనా వచ్చేవి కావు. 2024 జులై నాటికి 160 దాటాయి. డాలర్లతో దిగినవారికి జపాన్ ఒక్కసారిగా చౌక దేశమైంది. ఆ ఏడాది దాదాపు 3.7 కోట్ల మంది వచ్చారు, అంతకుముందు ఎన్నడూ లేనంతగా.

స్విట్జర్లాండ్‌ది ఎదురు కథ. 2015 జనవరి 15న కేంద్ర బ్యాంకు, యూరో విలువ 1.20 ఫ్రాంకుల కంటే తగ్గకుండా తాను పెట్టిన హద్దును ఎత్తివేయగానే ఫ్రాంకు విలువ ఎగబాకింది. జర్మన్ల రాక తగ్గింది. యూరోలే చెల్లే ఆస్ట్రియా కొండలు వారికి పక్కనే ఉన్నాయి మరి. అదే ఏడాది చైనా, భారత్ పర్యాటకులు మాత్రం పెరిగారు! పెరుగుతున్న మధ్యతరగతి సంపాదన ముందు ఫ్రాంకు భారం చిన్నబోయింది. అందుకే దూరప్రయాణాల విషయంలో నేను ఆదాయానికే పెద్దపీట వేస్తాను.