నల్ల కాలు మిషన్ ఇప్పుడు కొనొచ్చా?

నెల్లూరు, ఒంగోలు షాపుల్లో తెల్లటి ప్లాస్టిక్ మోటారు మిషన్ల పక్కనే ఇనుప స్టాండు మీద నల్ల కుట్టుమిషన్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు. జాకెట్లు, లంగాలు కుట్టేవాళ్ళకీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకీ మా ఓటు దానికే. లోపలి డిజైన్ 19వ శతాబ్దం చివర్లో సింగర్ కంపెనీ తెచ్చిన 15 క్లాసు అనే మోడల్‌ది. అడుగుదారం చుట్టే బాబిన్, అది కూర్చునే కేసు, సూది ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, ఒక్క స్క్రూడ్రైవర్‌తో సగం మిషన్ విప్పేయొచ్చు.

మోటారు తగిలిస్తే పని సగమవుతుందని షాపువాళ్ళు చెప్తారు. యంత్రం వస్తే పని తగ్గుతుందన్న ఈ మాట 170 ఏళ్ళ నాటిది. 1846లో అమెరికావాడు ఎలియాస్ హౌ మొనలో కన్నమున్న సూదికి, అడుగుదారం నడిపే షటిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1851లో ఐజాక్ సింగర్ తన మిషన్ తెచ్చాడు. కోర్టుల్లో కొట్లాడుకున్న కంపెనీలు 1856లో పేటెంట్లన్నీ ఒకచోట కలుపుకున్నాయి. అదే ఏడు సింగర్ కంపెనీ వాయిదాల అమ్మకం మొదలెట్టింది. చొక్కాకి చేత్తో 14 గంటల పైన పడితే మిషన్ మీద గంటంపావే అని అప్పటి కంపెనీల లెక్క. మిగిలిన గంటలన్నీ ఆడవాళ్ళకి తీరికే అనుకున్నారు. తీరిక రాలేదు, చొక్కాలు పెరిగాయి. యంత్రాల మీద అంత అనుమానమున్న గాంధీ కూడా సింగర్ మిషన్‌ని మాత్రం మినహాయించారు. నెల్లూరు దగ్గరి పల్లిపాడు గాంధీ ఆశ్రమం చూసొచ్చేవాళ్ళు ఆ మాట గుర్తు చేసుకోవచ్చు.

జాకెట్‌లో టైమంతా కటింగ్, హెమ్మింగ్, హుక్స్, కాజాలు తింటాయి. మోటారు తగ్గించేది తిన్నటి కుట్టునే. చెయ్యి కుదరకముందే మోటారు పెడితే కుట్టు గీత దాటి పరిగెత్తుతుంది. ముందు కాలితో ఆర్నెల్లు తొక్కండి.

ఇక తంటాలు. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ని తిడతారు, తప్పు మాత్రం పైదారానిది. గుడ్డని నొక్కే మిషన్ పాదం దించి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యకి పోదు. పాదం ఎత్తి మళ్ళీ ఎక్కించండి. అడుగుదారం పైకి తేలుతుంటే పైటెన్షన్ కాస్త వదులు చేయండి, అప్పటికీ కుదరకపోతేనే బాబిన్ కేసు స్క్రూ పావు చుట్టు బిగించండి. కుట్టు వదిలేస్తుంటే సూది మార్చండి: పొడుగు గాడి దారం ఎక్కించే వైపు, చదునుగా ఉన్నవైపు షటిల్ వైపు. పట్టుకి 11 నంబరు సూది, కాటన్ జాకెట్‌కి 14, జీన్స్‌కి 16.

బెల్టు సాగితే చక్రం జారుతుంది. కొద్దిగా కత్తిరించి కొక్కెం మళ్ళీ తగిలిస్తే చాలు. మరీ బిగిస్తే తొక్కలేక మోకాళ్ళు పడిపోతాయి.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి సూది పలక, పాదం కడ్డీ తుప్పెక్కుతాయి. పని అయ్యాక నూనెగుడ్డతో తుడిచి మూత పెట్టాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురై చక్రం పట్టేస్తుంది. మిషన్ నూనే కన్నానికో చుక్క, తర్వాత పాతగుడ్డ మీద నాలుగు వరసలు కుట్టాలి.

పాతది కొనేటప్పుడు బెల్టు తీసి చక్రాన్ని మెల్లగా మీవైపు తిప్పండి. ఒకేచోట పట్టినట్టుంటే షటిల్ దగ్గర దారపు ముక్క ఇరుక్కుని ఉండొచ్చు, అది చిన్న పని. సూది కడ్డీని పట్టుకుని పక్కకి కదిపితే ఊగుతుందా, బేరం ఆపేయండి.