ఆడపిల్లకు రుద్రమ అని పెడదామా, సమ్మక్క అనా?

హనుమకొండలో మా తమ్ముడికి బిడ్డ పుట్టింది. ఇరవై ఒకటో రోజు దగ్గరపడుతుంటే ఇంట్లో రెండు పక్షాలు. మరదలి వైపు వాళ్లు రుద్రమ అంటారు. మా అమ్మేమో మేడారం మొక్కుంది, సమ్మక్కే అంటుంది.

రుద్రమ అర్థం సులువే. రుద్రుడంటే శివుడు, దానికి అమ్మ చేరింది. గణపతిదేవునికి కొడుకుల్లేక కూతురికే రాజ్యం అప్పజెప్పిండు. ఓరుగల్లు నుంచి ఏలిన ఆమెను శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అన్నాయి. ఆమె మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం నల్గొండ జిల్లా చందుపట్లలో ఉంది. ఇప్పుడు కొందరు స్టైలని 'రుద్ర' అని కత్తిరిస్తున్నారు. అప్పుడు స్కూల్లో హాజరు పిలిచిన సారు మగపిల్లల బెంచీల వైపే చూస్తడు. పెడితే పూర్తిగా రుద్రమ అనే పెట్టాలి. 'దేవి' మాత్రం వద్దు, ఇంటిపేరుతో కలిసి బారెడవుతుంది.

సమ్మక్కకు నిఘంటువు కంటే కథే అర్థం. కోయదొరలకు అడవిలో పులుల నడుమ దొరికిన పసిబిడ్డ. కరువులో కప్పం కట్టలేమంటే సైన్యం వచ్చింది. పోరాడి చిలకలగుట్ట వైపు పోయి మాయమైంది, అక్కడ కుంకుమ భరిణె దొరికిందంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ భరిణే గద్దెకొస్తుంది. తక్కెట్లో ఒక దిక్కు పిల్లను కూచోబెట్టి, ఇంకో దిక్కు బెల్లం ముద్దలు పేర్చి 'బంగారం' తూచే ఇళ్లలో ఈ పేర్లు మామూలే. మగపిల్లలైతే సమ్మయ్య, సారయ్య.

అయితే ఆ సైన్యం పంపింది ప్రతాపరుద్రుడని కథ. ఆయన రుద్రమకు స్వయంగా మనుమడు, కూతురి కొడుకు. రెండు పేర్లూ కలిపి పెడదామన్న మరదలికి ఈ సంగతి చెబితే నవ్వి ఊరుకుంది.

ఎవరో 'కాకతి' అన్నారు, కాకతీయులు కొలిచిన దేవత పేరు. బాగుంది గానీ బడిలో 'కాకి' అనడానికి ఎంతసేపు?

సమ్మక్క పాతపేరన్న మాట నిజమే. రేపు ఆఫీసులో పెద్దసారు కూడా ఈమెను 'అక్క' అనే పిలవాలి, నాకైతే అదే నచ్చింది. ములుగులో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికే సమ్మక్క సారక్క పేరు పెట్టినప్పుడు మనకు నామోషీ ఎందుకు? మొక్కులేని ఇల్లయితే కళ్లు మూసుకుని రుద్రమ అందును. మా ఇంట్లో మొక్కుంది, అందుకే నా ఓటు అమ్మకే. తొట్లెల వేసేనాటికి తేలకపోయినా కొంపేం మునగదు, జనన ధ్రువపత్రంలో పేరును ఏడాదిలోపు రుసుము లేకుండానే ఎక్కించుకోవచ్చు.