షెఫీల్డ్ పేరు చూసి ఉలులు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇంగ్లాండులో ఉంటూ ఇంట్లో చెక్కపని చేసుకునే మనవాళ్ళకి ఈ హెచ్చరిక. షెఫీల్డ్ అంటే ఉక్కు పనిముట్లకి పేరున్న ఇంగ్లాండు ఊరు. పెట్టె మీద వందేళ్ళు దాటిన షెఫీల్డ్ కంపెనీ పేరు కనిపించింది కదా అని డబ్బు కట్టేయకండి.

నేను ఆన్‌లైన్‌లో ఒక ఉలుల సెట్ తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను, కింద పేర్లు వచ్చే కంపెనీల్లో ఏదీ కాదు. పెట్టె మీద స్థాపించిన సంవత్సరం, షెఫీల్డ్ చిరునామా పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. చైనాలో తయారైందన్న మాట మాత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఓక్ చెక్కలో గాడి తీస్తుంటే మొదటిరోజే అంగుళం ఉలి అంచు పెచ్చులూడింది. సానపట్టి చూశాను, మళ్ళీ అంతే. అర అంగుళం ఉలికి వీపు, అంటే చదునుగా ఉండాల్సిన వెనకవైపు, ఉబ్బుగా ఉండి, సానరాయి మీద పెడితే ఊగుతోంది.

చైనా సరుకంతా చెత్త అనడం లేదు, అక్కడ బాగా చేసేవాళ్ళూ ఉన్నారు. పాత పేరు చూపించి పాత ధర వసూలు చేయడమే నాకు మండింది.

ఆ పేర్లు ఎన్ని చేతులు మారాయో చూడండి. ఉలుల కంపెనీ మార్పుల్స్ 1828లో షెఫీల్డ్‌లో మొదలైంది. చెక్క నునుపు చేసే రందాలకీ, చెక్కని బిగించి పట్టే వైస్‌లకీ పేరున్న రికార్డ్ కంపెనీ కూడా ఆ ఊరిదే. రెండూ ఒక గ్రూపులో కలిశాయి, తర్వాత ఇర్విన్ బ్రాండ్ ఉన్న అమెరికా కంపెనీకి పోయాయి. దాన్ని 2002లో న్యూవెల్ అనే ఇంకో అమెరికా కంపెనీ కొంది. 2017లో న్యూవెల్ దగ్గర్నుంచి ఇర్విన్‌నీ, లెనాక్స్ అనే ఇంకో పనిముట్ల బ్రాండ్‌నీ కలిపి 195 కోట్ల డాలర్లకి స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ తీసుకుంది. రంపాల స్పియర్ అండ్ జాక్సన్ 2006లో హాంకాంగ్ కంపెనీ చేతికి వెళ్ళింది. నాకు అర్థమైనంతవరకు, ఇలాంటి బేరాల్లో కొనేవాళ్ళకి కావలసింది పేరే, కొలిమి ఎక్కడున్నా వాళ్ళకి ఫర్వాలేదు.

అందుకే కొనేముందు అమ్మేవాళ్ళకి మెయిల్ పెట్టి, ఎక్కడ తయారైందో రాతపూర్వకంగా అడగండి. ‘షెఫీల్డ్‌లో డిజైన్ చేసింది’ లాంటి జవాబొస్తే వదిలేయండి. నిజంగా ఇంగ్లాండులోనే చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు: రంపాలకి షెఫీల్డ్‌లో థామస్ ఫ్లిన్, ఉలులకి లింకన్‌షైర్‌లో ఆష్లీ ఐల్స్. ధర ఎక్కువే. బడ్జెట్ తక్కువైతే సెకండ్‌హ్యాండ్‌లో పాత మార్పుల్స్ వెతకండి. తుప్పు ఉన్నా పర్లేదు, వీపు మీద లోతైన గుంటలు లేకుంటే చాలు.

నాకు అమ్మినవాళ్ళు ‘వాడేశారు, వెనక్కి తీసుకోం’ అన్నారు. బ్రిటన్‌లోని 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. పెచ్చులూడిన అంచు ఫొటోలు జతచేసి ఆ మాట రాస్తే అప్పుడు దిగొచ్చారు. ఇండియాలో ఎవరికైనా పట్టుకెళ్ళేవాళ్ళు ఈ గడువు గుర్తుంచుకుని, సూట్‌కేసులో సర్దేముందే గట్టి చెక్క మీద ఒకసారి కొట్టి చూడండి.