చవక గాలి కయాక్: పెట్టె మీద ఇద్దరు, పడవలో ఒకరున్నర

చవక గాలి కయాక్, అంటే గాలి నింపి వాడే సన్నటి తెడ్డు పడవ, కొనేవాళ్లు ముందుగా నమ్మడం మానేయాల్సింది పెట్టె మీది బొమ్మని. అందులో ఇద్దరు పెద్దవాళ్లు కాళ్లు బార్లా చాపుకుని నవ్వుతూ తెడ్లు వేస్తుంటారు. మూడు మీటర్ల వినైల్ పడవలో అది కుదిరే పని కాదు. వెనకవాళ్ల పాదాలు ముందువాళ్ల సీటుకి తన్నుకుంటాయి. ఇద్దరూ ఒకే లయలో వేయకపోతే తెడ్లు టకటకమని కొట్టుకుంటాయి. అందుకే తీర్పు ముందే చెప్పేస్తే మేలు: ఇద్దరిదని అమ్మే కయాక్‌ని ఒక్కరి కోసం కొనండి. మహా అయితే ఒక పెద్ద, ఒక చిన్న.

బరువు లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించే ఇంటెక్స్ కంపెనీ ఎక్స్‌ప్లోరర్ కె2, ఛాలెంజర్ కె2 రెండింటికీ గరిష్ఠ బరువు 180 కిలోలు. మనుషులు, మంచినీళ్లు, సంచి, అన్నీ కలిపే ఆ అంకె. పైగా అది దాటకూడని గీత మాత్రమే, హాయిగా నడిచే బరువు కాదు. అందులో మూడో వంతు తీసేస్తే మిగిలే 120 కిలోల దగ్గర పడవ తేలిగ్గా కదులుతుంది. 75 కిలోల మనిషి, 25 కిలోల పిల్ల, 10 కిలోల సామాను, మొత్తం 110. సరిపోయింది. 70 కిలోల వాళ్లు ఇద్దరు ఎక్కితే సామాను లేకుండానే ఆ 120 దాటారు. ఛాలెంజర్ కె1 అనే ఒంటరి పడవకి పరిమితి 100 కిలోలు, అదే లెక్కన 65 దాటినవాళ్లకి అది బిగుతు. అందుకే ఒక్కరే వెళ్లేవాళ్లకి కూడా కె2 తీసుకుని రెండో సీటు పీకేయడమే నయం. ఉన్న సీటుని నడిమికి కాస్త వెనగ్గా జరుపుకోవాలి. వెనక సీట్లోనే కూర్చుండిపోతే ముక్కు పైకి లేస్తుంది, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది.

ఇక ఆ రెండింట్లో ఏది? ఎక్స్‌ప్లోరర్ పొడవు 312 సెంటీమీటర్లు, వెడల్పు 91. ఛాలెంజర్ కె2 పొడవు 351, వెడల్పు 76. పొడవుని వెడల్పుతో భాగిస్తే మొదటిది 3.4, రెండోది 4.6. చవక పడవల్లో ఒకదాన్నొకటి పోల్చడానికి ఇంతకన్నా పనికొచ్చే అంకె లేదు. అది తగ్గేకొద్దీ పడవ కుదురుగా ఉంటుంది, ఎక్కడం దిగడం సులువు, కానీ తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు అటూ ఇటూ ఊగుతుంది. పెరిగేకొద్దీ తిన్నగా పోతుంది, మొదటి పది నిమిషాలు మాత్రం కాస్త భయపెడుతుంది. ఒకచోట ఆగి గాలం వేసుకోవడానికో, పిల్లని కూర్చోబెట్టుకుని ఒడ్డు వెంట తిరగడానికో ఎక్స్‌ప్లోరర్ చాలు. అవతలి ఒడ్డుకి వెళ్లి రావాలంటే ఛాలెంజరే. ఒకటి మాత్రం మరవకండి, ఈ వెడల్పులు బయటి కొలతలు. పక్క గొట్టాలు రెండూ చెరికాస్త మింగేశాక తుంటికి మిగిలే చోటు చాలా తక్కువ. నడుము భారీగా ఉన్నవాళ్లకి ఛాలెంజర్ ఇరుకు.

కింద బిగించే స్కెగ్ అనే ప్లాస్టిక్ రెక్క లేకపోతే మాత్రం రెండూ ఒకటే, గుండ్రంగా తిరిగే చాపలు. దాన్ని గాలి నింపే ముందో, సగం నింపాకో తొడగాలి, పడవ బిగిశాక గాడిలోకి ఎక్కించడం కష్టం. వంపు తిరిగిన కొస వెనక వైపు ఉండాలి. తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది, ఆ తర్వాత పడవ బాగోలేదని రాసేవాళ్లూ వాళ్లే. మడతలో నలిగి రెక్క వంకరైతే వేడినీళ్లలో కాసేపు ముంచి, సమంగా ఉన్న బల్ల మీద బరువు పెట్టి ఆరనిస్తే చక్కబడుతుంది.

గాలి నింపడం దగ్గరే ఈ పడవలు ఎక్కువగా పాడవుతాయి. పక్క గొట్టాలకి ఉండేది సాధారణంగా బోస్టన్ వాల్వ్. అది రెండంతస్తుల మూత. కింది అంతస్తు పడవకి మరతో బిగుస్తుంది. పై మూత తీస్తే లోపల పల్చటి రబ్బరు రేకు కనిపిస్తుంది, పంపు పెట్టేది అక్కడే. ఆ రేకు గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఒక్క ఇసుక రేణువు దాని కింద ఇరుక్కుంటే చాలు, గంటలో గొట్టం మెత్తబడుతుంది. పంక్చర్ అనుకుని పడవంతా వెతికే ముందు వాల్వ్ విప్పి, రేకుని తడిగుడ్డతో తుడిచి చూడండి. కింది అంతస్తు మరని కూడా పడవ ఖాళీగా ఉన్నప్పుడే, వంకరపోకుండా చేత్తో తిప్పాలి. మర ఎక్కితొక్కిందంటే ఆ వాల్వ్ ఇక నిలవదు.

వినైల్ గొట్టాలు అడిగే ఒత్తిడి చాలా తక్కువ, సాధారణంగా 1 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) అటూ ఇటూ. కచ్చితమైన అంకె, ఏ గది ముందు నింపాలన్న వరస పడవ మీదే అచ్చేసి ఉంటాయి, అవే పాటించాలి. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ జోలికి వెళ్లొద్దు, ముల్లు కదిలేలోపే అతుకు పోతుంది. ఇంకో చిక్కు ఎండ. పొద్దున 20 డిగ్రీల దగ్గర 1 పీఎస్‌ఐ నింపి ఒడ్డున వదిలేశారనుకోండి, లోపలి గాలి 50 డిగ్రీలకి చేరితే, గొట్టం సాగకపోతే, ఒత్తిడి 2.6 దాకా పోతుంది. వినైల్ కొంత సాగుతుంది కాబట్టి అంత చేరకపోవచ్చు, కానీ ఆ సాగుడు భారమంతా అతుకుల మీదే. ముఖ్యంగా నేల. పరుపులా చదునుగా ఉండాలని దాని లోపల పైపొరని కిందిపొరకి కలిపే అడ్డపట్టీలు అతికిస్తారు. ఒత్తిడి మించితే ఓ పట్టీ ఊడి, అక్కడ గుమ్మడికాయంత ఉబ్బు లేస్తుంది. అది బయటి నుంచి బాగు చేయగలిగేది కాదు. ఒడ్డుకి లాగగానే ప్రతి గదిలోంచీ కాస్త గాలి వదలడం, నీడలో పెట్టడం, ఇంతే మందు. దీనికి తలకిందులుగా, చల్లటి నీళ్లలోకి దింపిన పది నిమిషాలకి పడవ మెత్తబడితే కంగారు వద్దు. గాలి ముడుచుకుంది, అంతే. పంపుతో నాలుగు పోట్లు చాలు.

పెట్టెలో వచ్చే అల్యూమినియం తెడ్లు 218 సెంటీమీటర్లవి. 91 వెడల్పున్న పడవకి ఇవి పొట్టి, వేళ్లు గొట్టానికి రాసుకుంటాయి, నీళ్లు ఒళ్లోకి కారతాయి. మొదట మార్చాల్సిన వస్తువు ఇదే, 230 నుంచి 240 మధ్యది ఒకటి కొంటే పడవే మారినట్టుంటుంది. సీట్ల గురించి చెప్పేదేం లేదు, గాలి దిండ్లు.

చిన్న చిల్లులకి సబ్బు నురుగు రాయండి, బుడగ లేచిన చోట పెన్నుతో సున్నా చుట్టండి. గాలి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అంచులు గుండ్రంగా కత్తిరించిన ప్యాచ్ చిల్లుకి చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు మించి ఉండాలి, వినైల్ జిగురే వాడాలి. బరువు పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. అతుకు మీది చిల్లుకి మాత్రం ప్యాచ్ ఎక్కువ రోజులు నిలవదు.

కాస్త ఎక్కువ పెట్టగలిగితే డ్రాప్‌స్టిచ్ నేల ఉన్నవి చూడండి. రెండు పొరల మధ్య వేలకొద్దీ దారాలు కుట్టి ఉంటాయి కాబట్టి అది 6 నుంచి 10 పీఎస్‌ఐ తట్టుకుని చెక్కపలకలా బిగుస్తుంది. కూర్చున్నచోట పడవ కుంగదు. దానికి వేరే పంపు కావాలి, బరువూ ఎక్కువే. నెలకోసారి చెరువులో తిరిగేవాళ్లకి ఇది దండగ.

ఏదైనా సరే, ఈ పడవలు గాలికి కాగితాలు. గంటకి 15 కిలోమీటర్లు దాటి వీస్తుంటే దిగొద్దు. ఒడ్డు నుంచి లోపలికి తోసే గాలైతే అంతకన్నా తక్కువైనా దిగొద్దు. బయల్దేరేటప్పుడు ఎదురుగాలికి వెళ్లండి, అలిసిపోయాక తిరుగుదారిలో అది సాయం చేస్తుంది. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, పడవలో కాదు. వేగంగా పారే ఏటికీ, అలలు విరిగే ఒడ్డుకీ ఈ తరగతి పడవ పనికిరాదు.

ఇంటికొచ్చాక గొట్టానికీ నేలకీ మధ్య సందులో గుడ్డ దూర్చి తుడవాలి, బూజు మొదలయ్యేది అక్కడే. ప్రతిసారీ అదే గీత మీద మడవకండి, వినైల్ అక్కడే చీలుతుంది. వచ్చిన సంచిలోకి మళ్లీ పట్టించాలని గుద్దకుండా, దానికి ఒకటిన్నర రెట్లున్న సంచి వేరే తెచ్చుకోండి.