ఫోరెన్సిక్ ఫోటోగ్రఫీ గైడు కొంటున్నరా? జేబులో స్కేలు పెట్టుకొని పోండ్రి

హన్మకొండ చౌరస్తా దిక్కు షాపుల్లో ఫోరెన్సిక్ ఫోటోగ్రఫీ (నేరాల సాక్ష్యాలను ఫోటో తీసుడు) గైడు ఒకటి అమ్ముతున్నరు. అట్ట మీద “సరికొత్త ఎడిషన్” అని పెద్దగ ఉంటది. పైసలు కట్టకముందే లోపల చూడుండ్రి.

ముందుగాల వేలిముద్రల ఫోటోలు. కింద “అసలు సైజు” అని రాసిండ్రు. ఫోటోలో కనబడే స్కేలు మీద 10 మిల్లీమీటర్ల దూరాన్ని మీ స్కేలుతో కొలిస్తే 8 మిల్లీమీటర్లే వస్తది. పేజీలో పట్టడానికి బొమ్మను కుదించి, కింది రాత మాత్రం అట్లనే వదిలేసిండ్రు. ఇంకో ఫోటోలో స్కేలు మీది అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డయి. అంకెలు తిరగబడితే ముద్రా తిరగబడ్డట్టే. కుడికి పోయే లూప్ (వంకీ తిరిగిన గీతలు) ఎడమకు పోయినట్టు కనబడుతది, దాంతో రేడియల్ (బొటనవేలు దిక్కు తెరుచుకునే లూప్), అల్నార్ (చిటికెన వేలు దిక్కుది) తారుమారు.

బురదలో పడ్డ బూటు ముద్ర బొమ్మలో స్కేలును నేల మీద పెట్టిండ్రు. ముద్ర అడుగు ఎంత లోతుంటే స్కేలు అంత లోతుకు దించాలె. పైన పెడితే కెమెరాకు దగ్గరై పెద్దగ కనబడుతది, ముద్ర కొలత తక్కువ వస్తది.

లెన్సు రంధ్రం సైజును (అపర్చరు) ఎఫ్/8 నుంచి ఎఫ్/16కు మారిస్తే వెలుగు సగమైతదట! అది నాలుగో వంతు. సగానికి ఎఫ్/11 చాలు.

అన్నిటికంటే ఘోరం లూమినాల్ పేజీ. లూమినాల్ అంటే కంటికి కనబడని రక్తపు మరకలను పట్టిచ్చే రసాయనం. అల్ట్రావయొలెట్ లైటు వేసి, లెన్సుకు ఆరెంజ్ ఫిల్టర్ పెట్టమంటున్నరు. బయటి లైటు వేస్తేనే వెలిగే ఫ్లోరెసీన్ అనే ఇంకో రసాయనం పద్ధతిని తెచ్చి దీనికి అతికించినట్టున్నరు. రక్తంలోని ఇనుము తగిలితే లూమినాల్ తనంతట తనే నీలంగ వెలుగుతది. బయటి లైటు పడితే ఆ మసక వెలుగు మునిగిపోతది, ఆరెంజ్ ఫిల్టర్ ఆ నీలాన్నే ఆపేస్తది, ఫోటో నల్లగ వస్తది. కావల్సింది చీకటి గది, ట్రైపాడ్, సెకన్ల కొద్ది తెరిచి ఉంచే షట్టర్.

కోర్టు అధ్యాయం ఇంకా పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బి (డిజిటల్ ఫోటోల వంటి సాక్ష్యానికి సర్టిఫికెట్ అడిగేది) కాడనే ఆగింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది, అందులో ఇది సెక్షన్ 63. సర్టిఫికెట్‌లో ఎ, బి అని రెండు భాగాలు, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలె. గైడులో హాష్ మాటే లేదు. ఇక ఎడిషన్ ఏం కొత్తదో!

ప్లాస్టిక్ కవరు తీసి చూడనియ్యకపోతే ఆ షాపుల కొనకుండ్రి. ఇప్పటికే కొన్నోళ్లు లూమినాల్ పేజీ, కోర్టు అధ్యాయం కొట్టేసుకోండ్రి.