'నరాల కోర్సు' పొడి కొనేవాళ్లు జాగ్రత్త: మా నాన్న విషయంలో జరిగింది ఇది

శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో నెలకోసారి దిగి 'నరాల కోర్సు' అమ్మే ఆసామి ఉన్నాడు. మా నాన్నకి రెండు డబ్బాలు కొన్నాను, 19,000 రూపాయలు. బిల్లు అడిగితే "నాటు మందుకి బిల్లేటి బాబూ" అన్నాడు. డబ్బా మీద లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు. చూసి కూడా కొన్నాను.

నాన్నకి 72. "కాళ్ల కింద దూది ఏసినట్టుందిరా" అని ఏడాదిగా అంటున్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. మా వైపు కాళ్లు వాస్తే ముందు ఉద్దానం కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది కదా, క్రియాటినిన్ చేయించాం. బాగానే ఉంది. షుగరూ లేదు. మా డాక్టరు గారు ఎకో (గుండె స్కాన్) రాసిచ్చారు. "కోర్సు అవనీండి, తర్వాత చూద్దురు" అని ఆపించింది ఈ ఆసామే.

పొడి మొదలెట్టిన అయిదో వారంలో, పదిహేనేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్న మనిషికి బీపీ 100కి దిగింది. ఫోన్ చేస్తే "చూశారా, మందు పట్టింది" అన్నాడు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. వారం తిరక్కుండా నాన్న తెల్లవారుజామున మంచం దిగి నిలబడగానే కళ్లు తిరిగి గడప మీద పడ్డారు.

విశాఖలో గుండె డాక్టరు గారు ఎకో, ఈసీజీ పక్కపక్కన పెట్టి చూసి, "చేతులకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా?" అని అడిగారు. ఆరేళ్ల కిందట రెండు మణికట్లకీ అయింది, కార్పల్ టనల్ అని, అక్కడ నరం నొక్కుకుపోయే జబ్బు. గుండె గోడ 16 మిల్లీమీటర్లు ఉంది. అంత మందం ఉంటే ఈసీజీ గీతలు పెద్దవిగా రావాలట, నాన్నవి చిన్నగా ఉన్నాయి. అమైలాయిడ్ అనే ప్రోటీన్ గుండెలోనూ నరాల్లోనూ మణికట్టులోనూ పేరుకుంటే ఇలా ఉంటుందన్నారు. పాత బీపీ తనంతట తానే పడిపోవడమూ ఆ జబ్బు లక్షణమే. మేం సంబరపడింది దానికి!

ముందు ఏఎల్ అనే రకం (ఎముక మజ్జ కణాలు చేసే తప్పుడు ప్రోటీన్ పేరుకునేది) అవునో కాదో తేల్చడానికి రక్తంలో ఫ్రీ లైట్ చైన్లు, రక్తానికీ మూత్రానికీ ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలు చేశారు, తర్వాత పీవైపీ అనే గుండె స్కాన్. స్కాన్ ఒక్కటే చేయించుకుని ఊరుకోకండి. ఏఎల్ రకంలో కూడా అది పాజిటివ్ రావచ్చు, ఆ రకానికి కీమో లాంటి వైద్యం వెంటనే మొదలవ్వాలి. నాన్నది ట్రాన్స్‌థైరెటిన్ రకం (కాలేయం చేసే ప్రోటీన్ పేరుకునేది) అని తేలింది. వంశపారంపర్యమో కాదో చూడ్డానికి జీన్ పరీక్షకి రక్తం ఇచ్చాం, నాకు ఇప్పుడు అదే టెన్షన్. టాఫమిడిస్ అనే మందు వాడుతున్నారు. అది జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తుంది గానీ, పేరుకున్నదాన్ని కడిగేయదు. అందుకే ఆ పొడికి పోగొట్టుకున్న నెలన్నర గురించి నాకింత మంట.

గుండె జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆ పొడి ఆసామి కరపత్రం మీద 'గుండె, నరాలు, పక్షవాతం' అని ఎర్రక్షరాలతో అచ్చేసుకున్నాడు. ఆ కాగితం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, సీలు తియ్యని రెండో డబ్బా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఆ డబ్బా ఉంటే పారెయ్యకండి.